రిపోర్టు వెళ్ళలేదు, లాగ్‌లో ఎర్రరూ లేదు: మరి ఎక్కడ వెతకాలి?

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కనుక నువ్వనే రాస్తాను. ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పుంటే దిద్దు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురంలో ఉన్న మూడు ల్యాబులకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ నువ్వే రాశావు, నువ్వే చూసుకుంటున్నావు. డాక్టరు రిపోర్టు ఖరారు చేయగానే పీడీఎఫ్ తయారై, పేషెంటు ఫోనుకు లింకుతో ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. ఆ పనంతా బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోంది: వెబ్ సాఫ్ట్‌వేర్ జాంగో, అది ఇచ్చే పనులను (జాబులను) వర్కర్లనే ప్రాసెస్‌లతో చేయించేది సెలెరీ, ఆ జాబులు ఎదురుచూసే క్యూ ఉండేది రెడిస్‌లో. సర్వర్ పర్లాకిమిడి ల్యాబు వెనక గదిలో, యూపీఎస్ మీద ఉంది. రోజుకు 400 దాకా రిపోర్టులు. వాటిలో వారానికి ఐదారు పేషెంటుకు చేరడం లేదు, ఎక్కువగా సాయంత్రం తర్వాతవే. లాగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టాలో, ‘ఎర్రర్’ అని వెతికితే ఒక్కటీ రాదు. ఏమేం లాగ్ చేయాలి, ఏం పెట్టి కనిపెట్టాలి అని అడిగావు.

దీనికి చాలామంది చెప్పేది ఎర్రర్ ట్రాకర్ పెట్టు, గ్రాఫులు పెట్టు అని. పెట్టు, మంచిదే. కానీ నీ ఐదారు రిపోర్టులు వాటికి దొరకవు. ఎర్రర్ ట్రాకర్‌కి అరిచిన జాబే వినిపిస్తుంది. నీవి నోరెత్తకుండా పోయాయి. తప్పు జరిగితే ఎక్కడో ఒక లైను పడుతుంది. అసలు జరగని పనికి లాగ్ ఎవరు రాస్తారు?

మీ లైను మీద తిరిగే బండినే తీసుకో. నౌపడలో బయల్దేరిన గుణుపురం పాసింజర్ సంగతి ముందు స్టేషన్‌కి తెలిసేది బండి కనబడ్డాక కాదు. వెనక స్టేషన్ వాళ్ళు లైన్ క్లియర్ అడిగినప్పుడే తెలుస్తుంది. బయల్దేరిన టైము ఇక్కడి రిజిస్టర్లో పడుతుంది. అందుకే రావలసిన వేళకు రాకపోతే స్టేషన్ మాస్టరు లేచి ఫోను అందుకుంటాడు. బండి ఎక్కడ ఆగిందో బండి చెప్పనక్కర్లేదు. బయల్దేరినట్టు రాసి, చేరినట్టు రాయని గీత ఒకటి రిజిస్టర్లో ఖాళీగా ఉంటుంది, అదే చెబుతుంది. నీ సిస్టమ్‌లో ఆ రిజిస్టర్ లేదు. వర్కర్ రాసుకునే లాగ్ ఒక్కటే ఉంది. అంటే చేరిన స్టేషన్ దగ్గర మాత్రమే పుస్తకం ఉంది.

కాబట్టి మొదటి పని లాగ్ ఫైలుతో కాదు, డేటాబేస్‌తో. ‘జాబ్ సంఘటనలు’ అని ఒక టేబుల్ పెట్టు. అందులో ఏడు కాలమ్‌లు చాలు: రిపోర్టు నంబరు, జాబ్ ఐడీ, సంఘటన, ఎన్నో ప్రయత్నం, ఏ వర్కర్, సమయం, కారణం. అందులో వరుసలు చేర్చడమే తప్ప దిద్దడం, చెరపడం ఉండకూడదు. ‘స్టేటస్’ అని ఒక్క కాలమ్ పెట్టి దాన్నే మారుస్తూ పోతే చివరి మాట మిగులుతుంది, కథ పోతుంది. రోజుకు 400 రిపోర్టులు, ఒక్కోదానికి ఆరు సంఘటనలు అనుకున్నా 2,400 వరుసలు, ఏడాదికి 9 లక్షల లోపు. నీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి అది లెక్కలోకి రాని బరువు.

ఒక రిపోర్టు సవ్యంగా వెళ్తే దాని కథ ఇలా కనబడాలి. కోడ్‌లో పేర్లు ఇంగ్లీషులోనే పెట్టుకో, చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను (గేట్‌వే అంటే మన తరఫున ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ):

19:42:10 రిపోర్టు 4417 ఖరారైంది
19:42:10 రిపోర్టు 4417 క్యూలో వేశాం
19:42:11 రిపోర్టు 4417 మొదలు, ప్రయత్నం 1, వర్కర్ 2
19:42:15 రిపోర్టు 4417 పీడీఎఫ్ తయారు
19:42:16 రిపోర్టు 4417 గేట్‌వే తీసుకుంది
19:42:31 రిపోర్టు 4417 ఫోనుకు చేరింది

మొదటి వరుస మీద గట్టిగా పట్టుబడతాను. ‘ఖరారైంది’ అన్నదాన్ని వర్కర్ రాయకూడదు. డాక్టరు బటన్ నొక్కినప్పుడు రిపోర్టు ఏ ట్రాన్సాక్షన్‌లో సేవ్ అవుతుందో, ఈ వరుస అదే ట్రాన్సాక్షన్‌లో పడాలి. రెండూ కలిసి ఉంటాయి, లేదా రెండూ ఉండవు. ఇక ప్రతి ఐదు నిమిషాలకు ఒకే ప్రశ్న అడుగు: ఖరారై 15 నిమిషాలు దాటినా ‘ఫోనుకు చేరింది’ లేని రిపోర్టులు ఏవి? ఈ ఒక్క క్వెరీ ముప్పై గ్రాఫుల పెట్టు. జాబ్ ఎందుకు పోయిందో దీనికి తెలియక్కర్లేదు. కోడ్ తప్పయినా, కరెంటు పోయినా, రెడిస్ మరిచిపోయినా, గేట్‌వే మింగేసినా, ఆ ఖాళీ గీత దొరుకుతుంది.

ఇప్పుడు నీవి ఎక్కడ పోతున్నాయో చూద్దాం. నువ్వు పంపిన సెట్టింగులు, కోడ్ ముక్క చూశాక నాకు మూడు చోట్ల అనుమానం.

ఒకటి. నీ కోడ్‌లో రిపోర్టు సేవ్ చేసి, ఆ ట్రాన్సాక్షన్ ఇంకా ముగియకముందే జాబ్‌ను క్యూలో వేస్తున్నావు. వర్కర్ ఖాళీగా ఉంటే మిల్లీసెకన్లలో అందుకుంటుంది. అప్పటికి రిపోర్టు డేటాబేస్‌లో దానికి కనబడదు. నువ్వేమో ‘రిపోర్టు లేకపోతే తిరిగి వచ్చెయ్’ అని రాశావు. వర్కర్ తిరిగి వచ్చేసింది. సెలెరీ దృష్టిలో జాబ్ విజయవంతం! జాంగోలో ఆన్ కమిట్ అని ఉంది, ట్రాన్సాక్షన్ ముగిసి డేటాబేస్‌లో ఖాయమయ్యాకే (కమిట్ అయ్యాకే) పని నడిపిస్తుంది, క్యూలో వేసే పనిని దానికి అప్పగించు. ‘రిపోర్టు దొరకలేదు’ అనే దారిలో మౌనంగా తిరిగి రావడం మానేసి, సంఘటన రాసి ఎక్సెప్షన్ (ఎర్రర్) లేవనెత్తు. పగటిపూట వర్కర్లకు పని ఎక్కువ, జాబ్ క్యూలో ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది, ఈలోగా కమిట్ అయిపోతుంది. సాయంత్రం తర్వాత వర్కర్ ఖాళీ, వెంటనే లాక్కుంటుంది. నీ సమస్య సాయంత్రమే ఎందుకు ఎక్కువో దీంతో కొంత తేలుతుంది.

రెండోది కరెంటు. దీని దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే మన వైపు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకుండా సర్వర్లు నడుపుతున్నారు. వరస ఇలా ఉంటుంది. కరెంటు పోతుంది. సర్వర్ యూపీఎస్ మీద బతికే ఉంటుంది, ఇంటర్నెట్ రూటర్‌ను మాత్రం యూపీఎస్‌కి తగిలించి ఉండరు, లేదా బయట బ్రాడ్‌బ్యాండ్ వాడి పెట్టెకే కరెంటు ఉండదు. ఎస్సెమ్మెస్ పంపే జాబ్ నెట్ అందక విఫలమై, మళ్ళీ ప్రయత్నించడానికి క్యూలోకి వెళ్తుంది. సెలెరీ ఈ రీట్రైని ‘ఇన్ఫో’ (మామూలు సమాచారం) స్థాయిలో లాగ్ చేస్తుంది. నువ్వు ‘ఎర్రర్’ అని వెతుకుతున్నావు కనుక అది నీకు కనబడదు. ఇంకాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది, సర్వర్ ఠక్కున ఆగిపోతుంది. రెడిస్ తన దగ్గరున్నదంతా మెమరీలో పెట్టుకుంటుంది, అప్పుడప్పుడూ డిస్కు మీద స్నాప్‌షాట్ తీస్తుంది. ఇప్పటి వెర్షన్లలో ఎవరూ ముట్టుకోని సెట్టింగు ఇది: ఒక్క మార్పయినా ఉంటే గంటకోసారి, 100 మార్పులుంటే 5 నిమిషాలకోసారి, 10,000 ఉంటే నిమిషానికోసారి.

దీన్ని నీ ల్యాబుకు అన్వయించి చూడు. ఉదయం పది గంటలకు రిపోర్టుల మీద రిపోర్టులు, మార్పులు వందలు దాటతాయి, 5 నిమిషాలకోసారి స్నాప్‌షాట్ పడుతుంది. రాత్రి ఎనిమిదికి అరగంటకు మూడు రిపోర్టులు. మార్పులు వంద చేరవు. స్నాప్‌షాట్ గంటకోసారే. ఆ గంటలో క్యూలో చేరి రీట్రై కోసం ఎదురుచూస్తున్న జాబులు కరెంటుతో పాటే పోతాయి. మర్నాడు రెడిస్ లేచాక దానికి అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. పోస్ట్‌గ్రెస్ మాత్రం కమిట్ చేసిన ప్రతిదీ డిస్కు మీద రాసే ఉంటుంది, కాబట్టి రిపోర్టు భద్రంగా ఉంటుంది, దాన్ని పంపాల్సిన జాబ్ ఉండదు. పని తక్కువగా ఉండే చిన్న సిస్టమ్‌కే ఈ దెబ్బ ఎక్కువ. రెడిస్‌లో అపెండ్ ఓన్లీ ఫైలు, అంటే ప్రతి మార్పునూ వరసగా ఫైలులో రాసుకునే పద్ధతి, ఆన్ చెయ్యి. సెకనుకోసారి డిస్కుకు రాసే పద్ధతి పెట్టుకుంటే పోయేది సుమారు ఒక సెకను పని. అదే రెడిస్‌ను జాంగో క్యాష్‌కి (తాత్కాలికంగా దాచుకునేవాటికి) కూడా వాడుతూ, మెమరీ నిండితే పాతవి తీసేయమని పెట్టి ఉంటే అది ఇంకా ప్రమాదం, క్యాష్‌తో పాటు నీ క్యూను కూడా తీసేయగలదు. క్యాష్‌కి వేరే రెడిస్ నడుపు.

మూడు. సెలెరీ మామూలుగా జాబ్‌ను పని మొదలుపెట్టే ముందే ‘అందింది’ అని బ్రోకర్‌కి, అంటే నీ దగ్గర రెడిస్‌కి, ఒప్పుకుంటుంది. మధ్యలో వర్కర్ పోతే ఆ జాబ్ ఇంకెవరికీ మళ్ళీ దొరకదు. పీడీఎఫ్ తయారీకి నువ్వు బ్రౌజర్‌ను నడుపుతున్నావు, 2 జీబీ మెషీన్ మీద. మెమరీ చాలకపోతే లైనక్స్ కెర్నల్ ఒక ప్రాసెస్‌ను సిగ్నల్ 9 తో చంపేస్తుంది. ఆ సిగ్నల్‌కు చివరి మాట చెప్పుకునే అవకాశం ఉండదు. పిల్ల ప్రాసెస్ పోతే సెలెరీ తల్లి ప్రాసెస్ ‘వర్కర్ లాస్ట్’ అని రాస్తుంది. తల్లే పోయినా, మెషీనే పోయినా రాసేవాళ్ళు ఉండరు. కెర్నల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వెతికి చూడు, రోజూ చూసే లాగ్‌లో లేనిది అక్కడ ఉండొచ్చు. దీనికి మందు లేట్ యాక్ సెట్టింగు, పని ముగిశాకే ఒప్పుకోవడం. దానితో పాటు వర్కర్ పోతే జాబ్‌ను వెనక్కి పంపే సెట్టింగు కూడా ఉంది. అయితే ఇవి పెట్టిన రోజు నుంచి ఏ జాబైనా రెండుసార్లు నడవొచ్చు. ఎస్సెమ్మెస్ పంపేముందు సంఘటనల టేబుల్ చూసి, ఆ రిపోర్టుకు ‘గేట్‌వే తీసుకుంది’ ఉంటే పంపకుండా వదిలెయ్. వదిలేసినట్టు కూడా ఒక వరుస రాయి.

రెడిస్ వాడేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. ఒప్పుకోని జాబ్‌ను సెలెరీ గంట తర్వాత పోయినట్టు భావించి మళ్ళీ పంచుతుంది. కాబట్టి ‘మూడు గంటల తర్వాత చెయ్’ అని వేసిన జాబ్ ఒకటికి రెండు మూడుసార్లు నడిచే వీలుంది. దూరపు వాయిదాలు క్యూలో వేయకు. టేబుల్‌లో ‘ఎప్పుడు పంపాలి’ అని రాసి పెట్టి, నిమిషానికోసారి నడిచే చిన్న జాబ్‌తో వేళైనవి ఎత్తించు.

సెలెరీ రిజల్టునే లాగ్‌గా వాడొచ్చా అని కూడా అడిగావు. వద్దు. అవి ఒక రోజు తర్వాత చెరిగిపోతాయి. అంతకన్నా పెద్ద కారణం, పుట్టని జాబ్ ఐడీ ఇచ్చి అడిగినా సెలెరీ ‘పెండింగ్’ అనే చెబుతుంది. రెడిస్‌తో పాటు పోయిన జాబ్ కూడా నీకు ఎప్పటికీ పెండింగే. ఆ మాట నమ్మి ఎదురుచూస్తూ కూర్చున్న వాళ్ళను చూశాను. సెలెరీని తెర మీద చూపే ఫ్లవర్ మంచి కిటికీ, ఇప్పుడేం జరుగుతోందో చూపిస్తుంది. కానీ ప్రత్యేకంగా దాచమని చెప్పకపోతే అది అన్నీ మెమరీలోనే ఉంచుకుంటుంది, రీస్టార్ట్ చేస్తే చరిత్ర ఉండదు. వర్కర్ నుంచి ఈవెంట్లు రాకపోతే దానికి జాబుల సంగతే తెలియదు.

ఇక ‘గేట్‌వే తీసుకుంది’, ‘ఫోనుకు చేరింది’ రెండూ వేరు వరుసలుగా ఎందుకు పెట్టానో చెబుతాను. నీ జాబ్ గేట్‌వేకి పంపగానే 200 అని జవాబు వస్తుంది, నువ్వు విజయం అని రాసుకుంటున్నావు. ఆ 200 అర్థం ‘నీ మాట విన్నాను’ అని మాత్రమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్సెమ్మెస్ ప్రతిదీ డీఎల్టీలో (టెలికాం ఆపరేటర్ల రిజిస్టర్లో) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో సరిపోవాలి. ఒక చుక్క, ఒక ఖాళీ తేడా వచ్చినా ఆపరేటర్ దగ్గర ఆగిపోవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు చేయని లింకు ఉన్న మెసేజీలను కూడా ఆపుతున్నారు. నీ మెసేజీలో రిపోర్టు లింకు ఉంది! ఇవన్నీ 200 వచ్చాక జరిగేవి. గేట్‌వే వాళ్ళు తర్వాత పంపే డెలివరీ రిపోర్టును అందుకోవడానికి ఒక చిరునామా పెట్టు. వాళ్ళిచ్చిన మెసేజ్ ఐడీతో జత కలిపి చివరి వరుస రాయి. విఫలమైతే వాళ్ళిచ్చిన కోడ్‌ను ‘కారణం’ కాలమ్‌లో ఉన్నదున్నట్టు పెట్టు, నీ భాషలోకి మార్చకు. ఫిర్యాదు చేసేటప్పుడు వాళ్ళు అడిగేది ఆ కోడే.

పొడవు సంగతి కూడా ఇక్కడే. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు. తెలుగు, ఒడియా యూనికోడ్‌లో వెళ్తాయి, 70 మాత్రమే, అంతకు మించితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది. గుణింతం, వత్తు, పొల్లు ఏదైనా దాని లెక్క దానిదే. ‘ర్టు’ అని మనకొక అక్షరంగా కనిపించేది అక్కడ నాలుగు. మెసేజ్ ఎన్ని ముక్కలైందో కూడా సంఘటనతో పాటు రాసుకో, నెలాఖరు బిల్లు చూసినప్పుడు ఉపయోగపడుతుంది.

నువ్వు వెతికిన పద్ధతిలో ఇంకో లోపం ఉండి ఉంటుందని నా గట్టి అనుమానం. మీ సర్వర్ టైము యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనక) ఉంది, లాగ్ ఫైళ్ళు తేదీవారీగా విడిపోతున్నాయి. మనకు అర్ధరాత్రి 12 దాటి తేదీ మారినప్పుడు అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రం 6:30. తెల్లవారుజాము 5:30 దాకా జరిగినదంతా నిన్నటి ఫైలులోనే పడుతుంది. ‘ఈరోజు’ ఫైలు తెరిచి రాత్రి ఒంటిగంట జాబ్ కోసం వెతికితే దొరకదు. వేళకు పనులు మొదలుపెట్టే సెలెరీ బీట్ కూడా చెప్పకపోతే యూటీసీనే పాటిస్తుంది, ‘రాత్రి 2 గంటలకు’ అని పెట్టిన పని మనకు ఉదయం 7:30కి నడుస్తుంది, సరిగ్గా ల్యాబులో జనం నిండే వేళకు. టేబుల్‌లో యూటీసీలోనే దాచు, చూపించేటప్పుడు మన టైములోకి మార్చు, లాగ్ లైనులో మాత్రం టైముతో పాటు జోన్ కూడా రాసి ఉండాలి. మెషీన్ గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్ నుంచి సరైన టైము తెచ్చేది) సరిచేస్తూ ఉండు. కరెంటు పోయి వచ్చిన మెషీన్ గడియారం తప్పితే నీ రిజిస్టర్లో బండి బయల్దేరక ముందే చేరినట్టు కనబడుతుంది.

ఏం చూస్తూ ఉండాలి అన్నదానికి వస్తే, నేను మూడే చూస్తాను. క్యూలో అన్నిటికన్నా పాత జాబ్ వయసు ఎంత. ఖరారై చేరనివి ఎన్ని. వర్కర్ ఆఖరిసారి ‘ఉన్నాను’ అన్నది ఎప్పుడు. చాలామంది క్యూ పొడవు చూస్తారు, అది మోసం చేస్తుంది. సెలెరీలో ఒక్కో ప్రాసెస్ నాలుగేసి జాబులు ముందే తెచ్చుకుని దగ్గర పెట్టుకుంటుంది. నీ వర్కర్‌కి నాలుగు ప్రాసెస్‌లుంటే 16 జాబులు రెడిస్ లిస్టులోంచి మాయమై, ఇంకా మొదలుకాకుండా ఉండొచ్చు. లిస్టు పొడవు సున్నా అంటుంది, పేషెంట్లు ఎదురుచూస్తూ ఉంటారు. పాత జాబ్ వయసు అలా మోసం చేయదు, పైగా దాన్ని రెడిస్‌ను అడగక్కర్లేదు, ‘క్యూలో వేశాం’ ఉండి ‘మొదలు’ లేని వరుసల్లో పాతది చూస్తే చాలు.

ఈ వయసు విలువ నాకు టిట్లీ తుఫాను నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలో ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ మెసేజీల సిస్టమ్ చూస్తున్నాను. ముందురోజు సాయంత్రమే గాలి చూసి సర్వర్‌ను పద్ధతిగా ఆపేశాను. క్యూ అంతా డిస్కు మీద భద్రంగా ఉంది, ఆ జాగ్రత్త పడ్డందుకు ధైర్యంగానే ఉన్నాను. నాలుగో రోజు కరెంటు వచ్చాక ఆన్ చేశాను. వర్కర్లు లేచాయి, ఆగిపోయిన జాబులు పది నిమిషాల్లో అన్నీ నడిచేశాయి. ఒక్క ఎర్రర్ లేదు. గ్రాఫు అంత పచ్చగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ జాబుల్లో ఉన్న మాట ‘రేపు ఉదయం 8 గంటలకు ఏమీ తినకుండా రండి’. ఎప్పటి రేపు? తుఫాను రోజుది. అయినా మెసేజ్ చేరింది ఈరోజు. మర్నాడు ఉదయం ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊరి నుంచి ఒక పెద్దాయన తెగిన రోడ్ల మీద నడుస్తూ, రెండు బళ్ళు మారి, మంచినీళ్ళయినా తాగకుండా క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరు ఇంకా ఊళ్ళోకే రాలేదు. ఆయన చేతిలో ఫోను పట్టుకుని మెసేజ్ చూపించాడు, మీరే కదా రమ్మన్నారు అని. ఆయనకు టీ, ఇడ్లీ తెప్పించి, తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడి పంపాం. ఆ రోజు నుంచి గడువు లేని జాబ్ ఒక్కటి కూడా నా చేతుల మీదుగా క్యూలోకి వెళ్ళలేదు.

సెలెరీలో ప్రతి జాబ్‌కి గడువు పెట్టే వీలుంది. దాటితే నడపకుండా రద్దు చేస్తుంది. కానీ మౌనంగా రద్దయితే మళ్ళీ మొదటికే వస్తాం, కాబట్టి ‘గడువు దాటింది’ కూడా ఒక సంఘటనే, మీ చేరనివాటి జాబితాలో అది కనబడాలి. రిపోర్టు మెసేజ్‌కి గడువు రెండు రోజులు ఉండొచ్చు, ఆలస్యమైనా పనికొస్తుంది. ‘రేపు రండి’ అనే మెసేజ్‌కి రాత్రి పది దాటితే విలువ లేదు. ఏ జాబ్‌కి ఎంత అన్నది కోడ్ రాసేవాళ్ళు ఒంటరిగా తేల్చేది కాదు, ల్యాబు వాళ్ళతో కూర్చుని అడుగు.

వర్కర్ ‘ఉన్నాను’ అనే మాట గురించి. ఐదు నిమిషాలకోసారి నడిచే ఒక చిన్న జాబ్ పెట్టు, అది మీ ల్యాబు బయట ఎక్కడో ఉన్న మెషీన్‌ను తట్టాలి. 15 నిమిషాలు తట్టకపోతే ఆ బయటి మెషీన్ నీకు ఫోను చేయాలి. ‘బయట’ అన్న మాట వదలకు. అదే గదిలో, అదే యూపీఎస్ మీద ఉన్న కాపలావాడు ఇంటితో పాటే నిద్రపోతాడు. తట్టే పనిని క్రాన్‌లో (లైనక్స్ సొంత టైమర్‌లో) పెట్టకు, సెలెరీ క్యూ ద్వారానే పంపు. క్రాన్ బాగుండి వర్కర్ చచ్చిపోయి ఉంటే క్రాన్ తడుతూనే ఉంటుంది. ఇంకా వీలైతే గంటకో పరీక్ష రిపోర్టు ఖరారు చేయించి, పీడీఎఫ్, గేట్‌వే, డెలివరీ అన్నీ దాటి నీ ఫోనుకే చేరేట్టు చెయ్యి.

ప్రోమిథియస్ (అంకెలు సేకరించి గ్రాఫులకిచ్చే టూలు) పెట్టమంటావా అన్నావు. 400 రిపోర్టులకు అవసరం లేదు, సంఘటనల టేబుల్ మీద నాలుగు క్వెరీలు చాలు. పెట్టుకుంటానంటే ఒక్క జాగ్రత్త, రిపోర్టు నంబరునో జాబ్ ఐడీనో లేబుల్‌గా పెట్టకు, ఒక్కో విలువకు ఒక్కో కొత్త వరస పుట్టి మెమరీ తినేస్తుంది. లేబుల్‌గా జాబ్ రకం, క్యూ పేరు, ఫలితం ఉంటే చాలు.

లాగ్‌లో పేర్లు, ఫోను నంబర్లు, పరీక్ష ఫలితాలు రాయకు. నువ్వు పంపిన లాగ్ ముక్కలో ఒక పేషెంటు పేరు, ఆయనకు చేసిన పరీక్ష పేరు రెండూ ఉన్నాయి. ఊరు చిన్నది తమ్ముడూ. ఆ రెండూ కలిసి బయటికొస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని ముందు చెరిపెయ్. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి తర్వాత, మనిషి పరువు ముందు. రిపోర్టు నంబరు ఒక్కటి ఉంటే నీకు కావలసినదంతా డేటాబేస్‌లో దొరుకుతుంది. పైగా లాగ్‌ను జేసన్ రూపంలో రాస్తే పైథాన్ మామూలుగా తెలుగు, ఒడియా అక్షరాలను కోడ్ నంబర్లుగా మార్చి రాస్తుంది, పేరుతో వెతికినా దొరకదు. లాగ్‌లు ఎన్నాళ్ళు ఉంచాలంటే, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో 180 రోజులు అని ఉంది, మన దేశంలోనే ఉంచాలని కూడా. అంతవరకు ఉంచు.

అలర్టు ఎవరికి వెళ్ళాలి? రీట్రైకి ఎవరినీ లేపకు, అది సిస్టమ్ తన పని తాను చేసుకోవడం. అన్ని ప్రయత్నాలూ అయిపోయి ఓడిపోయినప్పుడు, వర్కర్ తట్టడం మానేసినప్పుడు, పాత జాబ్ వయసు అరగంట దాటినప్పుడు నీ ఫోను మోగాలి. చేరనివాటి జాబితా మాత్రం నీ దగ్గర ఉండకూడదు. దాన్ని ల్యాబు కౌంటర్లో, రోజూ తెరిచి ఉండే తెర మీద పెట్టు: ‘ఇంకా చేరని రిపోర్టులు: 3’, కింద నంబర్లు, పక్కన ‘ఫోను చేశాం’ అనే బటన్. కౌంటర్లో కూర్చునే అమ్మాయికి సెలెరీ అంటే ఏమిటో తెలియదు. కానీ ఫలానా సవర ఊరి తల్లికి ఫోను సిగ్నల్ ఉండదని, గురువారం సంతకు వచ్చే ఆటో అతనితో కాగితం పంపొచ్చని ఆ అమ్మాయికే తెలుసు. ఆ బటన్ నొక్కితే అది కూడా టేబుల్‌లో ఒక వరుసే: ‘మనిషి ద్వారా చేరింది’. తెర మీద మాటలు ఒడియా, తెలుగు రెండింటిలో పెట్టు, గుణుపురం కౌంటర్లో ఒడియా చదివేవాళ్ళే ఎక్కువని నువ్వే రాశావు.

ఈ రాత్రికి మాత్రం రెండే చెయ్యి. రెడిస్‌లో అపెండ్ ఓన్లీ ఆన్ చెయ్యి. నడుస్తున్న రెడిస్‌లోనే కాన్ఫిగ్ కమాండ్‌తో ముందు ఆన్ చేసి, ఆ తర్వాత కాన్ఫిగ్ ఫైలులో కూడా రాయి. ఫైలులో మాత్రమే మార్చి రీస్టార్ట్ చేస్తే పాత డేటా లేకుండా ఖాళీగా లేచే వెర్షన్లు ఉన్నాయి. రెండోది, గత 30 రోజుల్లో ఖరారైన రిపోర్టుల నంబర్లు, గేట్‌వే వాళ్ళ డెలివరీ జాబితా పక్కపక్కన పెట్టి సరిపోల్చు. నువ్వు వారానికి ఐదారు అంటున్నది ఫిర్యాదు చేసినవాళ్ళ లెక్క. ఫిర్యాదు చేయనివాళ్ళు ఎందరో ఆ జాబితాలో తేలుతుంది. నంబరు వచ్చాక, ఖరారైన టైములతో సహా ఇక్కడ పెట్టు. కరెంటు పోయిన వేళలతో కలిపి చూద్దాం.